ప్రయోగాత్మక రహదారి ఆంక్షలు శాశ్వతమయ్యే విధానం: చట్టం, ఆచరణ, అనుభవాలు

ప్రత్యేక వ్యాసం
ఎర్రమంచి (పెనుకొండ మండలం, శ్రీ సత్యసాయి జిల్లా)

రహదారులపై వాహనాల రద్దీని తగ్గించేందుకు, ప్రమాదాలను నివారించేందుకు అధికారులు తరచుగా కొన్ని ఆంక్షలను ప్రయోగాత్మకంగా అమలు చేస్తుంటారు. ఒక వీధిని వన్‌వేగా మార్చడం, పగటివేళ భారీ వాహనాల ప్రవేశాన్ని నిషేధించడం, కూడలి మధ్య దారిని మూసి యూ టర్న్ ఏర్పాటు చేయడం, రాత్రివేళ అటవీ మార్గాలను మూసివేయడం వీటిలో ముఖ్యమైనవి. ప్రయోగం సత్ఫలితాలను ఇచ్చినపుడు దానిని శాశ్వతం చేయాలన్న ప్రతిపాదన సహజంగానే ముందుకు వస్తుంది. అయితే బారికేడ్లను తొలగించకుండా ఉంచినంత మాత్రాన తాత్కాలిక ఆంక్ష శాశ్వత ఆంక్షగా మారదు. ఇందుకు మోటారు వాహనాల చట్టం, 1988 స్పష్టమైన పద్ధతిని నిర్దేశించింది. ఆ పద్ధతిని పాటించినపుడే ఆంక్షకు చట్టబద్ధత, వాహనదారులకు స్పష్టత, పాదచారులకు భద్రత చేకూరుతాయి.

పెనుకొండ మండలంలోని ఎర్రమంచి వంటి గ్రామాలకు ఈ అంశం ప్రత్యేకంగా వర్తిస్తుంది. శ్రీనగర్ నుండి కన్యాకుమారి వరకు సాగే 44వ నంబరు జాతీయ రహదారి (పూర్వపు 7వ నంబరు జాతీయ రహదారి) ఈ ప్రాంతం మీదుగా వెళుతున్నది. 2017 ఏప్రిల్‌లో కుదిరిన ఒప్పందం మేరకు ఇక్కడ నెలకొల్పిన కియా మోటార్స్ కర్మాగారం ఏటా 3 లక్షల కార్ల ఉత్పత్తి సామర్థ్యంతో 2019 డిసెంబరు 5న ప్రారంభమైనది. దూరప్రాంతాలకు వెళ్లే లారీలు, కార్లను తరలించే పొడవాటి వాహనాలు, కార్మికుల బస్సులు ఒక పక్క, పొలాలకు వెళ్లే ట్రాక్టర్లు, ఆటోలు, ద్విచక్ర వాహనాలు, కాలినడకన రోడ్డు దాటే గ్రామస్థులు మరొక పక్క ఒకే మార్గాన్ని వినియోగించుకునే చోట ఏ చిన్న ఆంక్ష అయినా అనేక కుటుంబాల దినచర్యపై ప్రభావం చూపుతుంది.

చట్టం ఏమి చెబుతున్నది

మోటారు వాహనాల చట్టంలోని 115వ సెక్షన్ వాహనాల వినియోగంపై ఆంక్షలు విధించే అధికారాన్ని రాష్ట్ర ప్రభుత్వానికి, లేదా రాష్ట్ర ప్రభుత్వం అధికారం ఇచ్చిన అధికారికి కల్పిస్తున్నది. ప్రజల భద్రత లేక సౌకర్యం దృష్ట్యా గాని, రోడ్డు లేదా వంతెన స్వభావం దృష్ట్యా గాని అవసరమని భావించినపుడు నిర్దిష్ట ప్రాంతంలో లేదా నిర్దిష్ట రహదారిపై అన్ని మోటారు వాహనాలను లేదా కొన్ని తరగతుల వాహనాలను నిషేధించవచ్చు, పరిమితం చేయవచ్చు. ఇందుకు అధికారిక గెజిట్‌లో నోటిఫికేషన్ ప్రచురించాలి. మినహాయింపులను, షరతులను అందులోనే పేర్కొనాలి. 116వ సెక్షన్ ప్రకారం తగిన ప్రదేశాలలో ట్రాఫిక్ సూచికలను ఏర్పాటు చేయాలి.

ఈ సెక్షన్‌కు ఒక ముఖ్యమైన మినహాయింపు ఉన్నది. ఆంక్ష ఒక నెలకు మించి అమలులో ఉండనపుడు గెజిట్ ప్రచురణ అవసరం లేదు. పరిస్థితులు అనుమతించిన మేరకు స్థానికంగా తగిన ప్రచారం కల్పిస్తే సరిపోతుంది. వేగ పరిమితులకు సంబంధించిన 112వ సెక్షన్‌లో సైతం ఇదే విధమైన నెల రోజుల వెసులుబాటు ఉన్నది. పత్రికలలో తరచుగా కనిపించే "ప్రయోగాత్మకంగా", "ట్రయల్ రన్‌గా" అన్న ప్రకటనలకు ఈ వెసులుబాటు ఆధారంగా నిలుస్తుంది.

నెల రోజుల గడువు ప్రాధాన్యం

నెల దాటిన తరువాత కూడా నోటిఫికేషన్ లేకుండా అదే ఆంక్షను కొనసాగిస్తే దాని చట్టబద్ధత ప్రశ్నార్థకమవుతుంది. ఇది కేవలం కాగితాలకు పరిమితమైన విషయం కాదు. 2019 సెప్టెంబరు 1 నుండి అమలులోకి వచ్చిన సవరణల ప్రకారం 115వ సెక్షన్ కింద విధించిన ఆంక్షను ఉల్లంఘించి వాహనం నడిపినవారు 194వ సెక్షన్ కింద 20 వేల రూపాయల జరిమానాకు అర్హులవుతారు. రాజీ రుసుమును నిర్ణయించే అధికారం 200వ సెక్షన్ ప్రకారం రాష్ట్రాలకు ఉన్నప్పటికీ, చట్టంలోని మొత్తం ఒక ఆటో డ్రైవరుకు గాని, అద్దె ట్రాక్టరు నడిపే వ్యక్తికి గాని పెనుభారమే. అంతటి జరిమానాకు ఆధారమైన ఉత్తర్వు అమలులో ఉన్నదా, గడువు తీరినదా అన్న విషయంలో సందేహానికి తావు ఉండకూడదు.

మరొక కోణం కూడా ఉన్నది. గడువు తీరిన ఆంక్ష ఉన్న మార్గంలో ప్రమాదం జరిగినపుడు బాధ్యతను నిర్ణయించడం క్లిష్టమవుతుంది. ఎదురు దిశలో వచ్చిన వాహనదారుడు ఉల్లంఘనకు పాల్పడ్డాడా, లేక అతనిని ఆపే ఉత్తర్వే అప్పటికి లేదా అన్న వాదన తలెత్తుతుంది. నష్టపరిహారం కోసం ఎదురుచూసే కుటుంబానికి ఈ వాదన జాప్యంగా పరిణమిస్తుంది.

శాంతిభద్రతల దృష్ట్యా జారీ చేసే నిషేధాజ్ఞలను శాశ్వత రహదారి ఆంక్షలకు ప్రత్యామ్నాయంగా వాడే వీలు లేదు. పూర్వపు క్రిమినల్ ప్రొసీజర్ కోడ్‌లోని 144వ సెక్షన్ స్థానంలో 2024 జూలై 1 నుండి భారతీయ నాగరిక్ సురక్ష సంహితలోని 163వ సెక్షన్ అమలులోకి వచ్చినది. ఈ ఉత్తర్వుల కాలపరిమితి 2 నెలలు. ప్రత్యేక పరిస్థితులలో రాష్ట్ర ప్రభుత్వం మరో 6 నెలలకు మించకుండా పొడిగించవచ్చు. ఇటువంటి ఉత్తర్వులను ఒకదాని వెంట ఒకటిగా జారీ చేస్తూ శాశ్వత స్వభావం కల్పించడం అధికార దుర్వినియోగమని 1983లో సుప్రీంకోర్టు ఆచార్య జగదీశ్వరానంద అవధూత కేసులో స్పష్టం చేసినది.

ఏ రహదారికి ఎవరు బాధ్యులు

ఆంక్షను శాశ్వతం చేసే ముందు ఆ మార్గం ఎవరి ఆధీనంలో ఉన్నదో నిర్ధారించుకోవలసి ఉంటుంది. గ్రామ రహదారులు పంచాయతీరాజ్ శాఖ పరిధిలో, జిల్లా ప్రధాన రహదారులు, రాష్ట్ర రహదారులు రోడ్లు భవనాల శాఖ పరిధిలో, పట్టణ వీధులు మున్సిపాలిటీల పరిధిలో ఉంటాయి. జాతీయ రహదారులకు జాతీయ రహదారుల నియంత్రణ (భూమి, ట్రాఫిక్) చట్టం, 2002 వర్తిస్తుంది. తాత్కాలిక మూసివేతను 33వ సెక్షన్, శాశ్వత మూసివేతను 34వ సెక్షన్, కొన్ని తరగతుల వాహనాల వినియోగంపై ఆంక్షలను 35వ సెక్షన్ ప్రస్తావిస్తున్నాయి. తాత్కాలిక, శాశ్వత మూసివేతలకు చట్టమే వేర్వేరు సెక్షన్లను కేటాయించినది. మొదటిది క్రమంగా రెండవదిగా మారిపోవడానికి అవకాశం లేదన్న విషయం దీనినిబట్టి స్పష్టమవుతున్నది.

2019 సవరణల ద్వారా 116వ సెక్షన్‌లో చేర్చిన ఉపసెక్షన్ ప్రకారం జాతీయ రహదారులపై ట్రాఫిక్ సూచికలను నెలకొల్పే, తొలగించే అధికారం భారత జాతీయ రహదారుల సంస్థకు కూడా లభించినది. కాబట్టి ఎర్రమంచి వంటి చోట సర్వీసు రోడ్డు ముఖద్వారాన్ని మూసివేయాలన్నా, మీడియన్ మధ్య ఖాళీని కట్టివేయాలన్నా పోలీసు, రవాణా శాఖలతో పాటు జాతీయ రహదారుల సంస్థ సమ్మతి, భాగస్వామ్యం తప్పనిసరి. ఈ శాఖలన్నింటిని ఒకే వేదికపైకి తెచ్చేది జిల్లా రోడ్డు భద్రతా కమిటీ. మోటారు వాహనాల చట్టంలోని 215వ సెక్షన్ ఈ కమిటీల ఏర్పాటుకు వీలు కల్పిస్తున్నది. కలెక్టరు అధ్యక్షతన జరిగే ఈ సమావేశాలలో ప్రయోగ ఫలితాలను సమీక్షించి, తీర్మానం రూపంలో సిఫారసు చేయడం మేలైన పద్ధతి.

ప్రయోగ కాలంలో నమోదు చేయవలసిన అంశాలు

ప్రయోగం అన్న మాటకు అర్థం ఉండాలంటే ముందు, తరువాత పరిస్థితులను పోల్చి చూపే లెక్కలు ఉండాలి. ఆంక్ష మొదలైన తరువాత లెక్కింపు ప్రారంభిస్తే పోల్చడానికి ఆధారం ఉండదు. కాబట్టి తొలి బారికేడ్ పెట్టడానికి ముందే ప్రాథమిక వివరాలను సేకరించడం అవసరం.

పట్టణేతర రహదారులపై వాహనాల గణనకు ఇండియన్ రోడ్స్ కాంగ్రెస్ రూపొందించిన ఐఆర్‌సీ 9 మార్గదర్శకాలు ఏడాదికి రెండు పర్యాయాలు, ప్రతిసారీ వరుసగా 7 రోజులు, 24 గంటల పాటు లెక్కించాలని సూచిస్తున్నాయి. ఒకసారి పంటకోతలు, అమ్మకాలు ముమ్మరంగా ఉండే కాలంలో, మరొకసారి రద్దీ తక్కువగా ఉండే కాలంలో ఈ గణన జరగాలి. వేరుశనగ ప్రధాన పంటగా ఉన్న ఉమ్మడి అనంతపురం ప్రాంతంలో ఈ సూచనకు ఎంతో ప్రాధాన్యం ఉన్నది. వేసవిలో జరిపిన నెల రోజుల ప్రయోగం కోతల కాలంలో ట్రాక్టర్ల రాకపోకలను ఏమాత్రం ప్రతిబింబించదు. హిందూపురం పట్టుగూళ్ల మార్కెట్‌కు గూళ్లను తరలించే రైతుకు ఉదయపు వేళ ఎంత విలువైనదో మధ్యాహ్నం జరిపిన వాహన గణనలో కనిపించదు.

సాధారణంగా కింది అంశాలను నమోదు చేయడం ఉపయుక్తం:

- ఆంక్ష ఉన్న మార్గంలోనే గాక, వాహనాలు మళ్లిన ప్రత్యామ్నాయ మార్గాలలో కూడా వాహనాల సంఖ్య
- ప్రమాదాల సంఖ్య, స్వభావం, జరిగిన వేళ, క్షతగాత్రులలో పాదచారులు, ద్విచక్ర వాహనదారుల వివరాలు
- అంబులెన్సు, అగ్నిమాపక వాహనాలు చేరుకునేందుకు పట్టిన సమయం
- ఆర్టీసీ బస్సుల సమయపాలన, స్టాపుల మార్పు
- పాఠశాల పిల్లలు, వృద్ధులు అదనంగా నడవవలసి వచ్చిన దూరం
- దుకాణదారులు, సంతల వ్యాపారులు, రైతుల నుండి వచ్చిన వినతులు

వీటిలో ప్రత్యామ్నాయ మార్గాల లెక్క చాలాసార్లు మరుగున పడుతుంది. ఒక కూడలిలో రద్దీ తగ్గి, అది పక్క గ్రామం వీధిలోకి మారినట్లయితే సమస్య పరిష్కారమైనట్లు భావించడానికి వీలు లేదు.

నెల రోజులలో ప్రమాదాల ధోరణిని నిర్ధారించడం కష్టమన్నది కూడా గమనించవలసిన విషయం. ఒక చోట నెలలో జరిగే ప్రమాదాల సంఖ్య స్వల్పంగా ఉండవచ్చు. ఒకటి రెండు తగ్గినా, పెరిగినా అది యాదృచ్ఛికం కావచ్చు. ఇటువంటి సందర్భంలో నోటిఫికేషన్ ద్వారానే నిర్దిష్ట కాలపరిమితితో, ఉదాహరణకు 6 నెలలకు లేదా ఏడాదికి ఆంక్షను విధించి, ఆపైన తుది నిర్ణయం తీసుకోవడం చట్టానికి, శాస్త్రీయతకు అనుగుణంగా ఉంటుంది.

ఇతర ప్రాంతాల అనుభవాలు

తాత్కాలిక ఆంక్ష స్థిరపడిన సందర్భాలలో దక్షిణ భారతంలో విస్తృతంగా చర్చకు వచ్చినది బందిపూర్ ఉదంతం. కర్ణాటకలోని బందిపూర్ పులుల అభయారణ్యం గుండా వెళ్లే రెండు జాతీయ రహదారులపై వన్యప్రాణుల మరణాలను అరికట్టేందుకు చామరాజనగర జిల్లా అధికారులు 2009 జూన్‌లో రాత్రి 9 గంటల నుండి ఉదయం 6 గంటల వరకు రాకపోకలను నిషేధించారు. కొద్ది రోజులకే ఆ ఉత్తర్వును ఉపసంహరించుకున్నారు. ఈ వివాదం హైకోర్టుకు చేరినది. 2009 జూలైలో హైకోర్టు మధ్యంతర ఉత్తర్వుతో నిషేధం తిరిగి అమలులోకి రాగా, 2010 మార్చిలో ఆ ఆంక్షను హైకోర్టు సమర్థించినది. అంబులెన్సులకు, పరిమిత సంఖ్యలో బస్సులకు మినహాయింపు లభించినది. కేరళలోని వయనాడ్ ప్రజల ప్రయాణ ఇబ్బందుల దృష్ట్యా ఈ అంశం సుప్రీంకోర్టు వరకు వెళ్లినది. మినహాయింపులు, ప్రత్యామ్నాయ మార్గం గురించి ముందుగానే ఆలోచించని ఉత్తర్వులు న్యాయస్థానాలలో తేలవలసి వస్తాయని ఈ ఉదంతం తెలియజేస్తున్నది.

తెలుగు రాష్ట్రాలలో నల్లమల అడవుల మీదుగా శ్రీశైలం చేరే మార్గాలలో రాత్రి 9 గంటల నుండి ఉదయం 6 గంటల వరకు వాహనాలను నిలిపివేసే విధానం అమలులో ఉంటూ వచ్చినది. తెలంగాణ వైపు మన్ననూరు, ఆంధ్రప్రదేశ్ వైపు దోర్నాల వద్ద తనిఖీ కేంద్రాలు ఉన్నాయి. మహాశివరాత్రి బ్రహ్మోత్సవాల సమయంలో భక్తుల సౌకర్యార్థం సడలింపులు ఇస్తుంటారు. స్థిరమైన ఆంక్షలోనే పండుగ రోజులకు చోటు కల్పించడం ఇందులోని విశేషం.

తిరుమల ఘాట్ రోడ్ల అనుభవం మరొక విధమైనది. 1944లో తొలి ఘాట్ రోడ్డు, 1974లో రెండవ ఘాట్ రోడ్డు ప్రారంభమయ్యాయి. ఒకటి కొండ దిగేందుకు, మరొకటి ఎక్కేందుకు కేటాయించిన వన్‌వే విధానం యాత్రికులందరికీ పరిచితమైన స్థిర నియమంగా నిలిచినది. ఇందుకు భిన్నంగా, 2023 ఆగస్టులో అలిపిరి నడకదారిలో చిరుతపులి దాడిలో బాలిక మృతి చెందిన అనంతరం ద్విచక్ర వాహనాల వేళలను కుదించి, తరువాత సడలించారు. 2024 ఆగస్టులో రాత్రి 9 గంటల నుండి ఉదయం 6 గంటల వరకు విధించిన ఆంక్షకు సెప్టెంబరు 30 వరకు అని గడువు ప్రకటించారు. కారణం కాలానుగుణమైనపుడు ఆంక్షకు కూడా ముగింపు తేదీ ఉండడమే సముచితం.

హైదరాబాద్‌లో 2021 ఆగస్టు చివరి ఆదివారం నుండి ట్యాంక్‌బండ్‌పై సాయంత్రం వేళ వాహనాలను మళ్లించి, ఆ మార్గాన్ని సందర్శకులకు కేటాయించిన కార్యక్రమం ప్రజాదరణ పొందినది. బెంగళూరులో చర్చి స్ట్రీట్‌ను 2020 నవంబరు నుండి 2021 ఫిబ్రవరి వరకు వారాంతాలలో పాదచారులకే పరిమితం చేసి, గాలి నాణ్యతను పరిశీలించారు. ఢిల్లీలో 2016 జనవరి 1 నుండి 15 వరకు తొలిసారి అమలైన సరి, బేసి సంఖ్యల విధానం అదే ఏడాది ఏప్రిల్‌లో, తిరిగి 2019 నవంబరులో అమలైనప్పటికీ శాశ్వత విధానంగా మారలేదు. ప్రజాదరణ పొందిన ప్రతి ప్రయోగమూ శాశ్వతం కాలేదని, కావలసిన అవసరమూ లేదని ఇవి తెలుపుతున్నాయి.

విదేశాలలో స్వీడన్ రాజధాని స్టాక్‌హోమ్ అనుభవం ప్రముఖమైనది. అక్కడ నగర ప్రవేశ రుసుమును 2006 జనవరి 3 నుండి జూలై 31 వరకు ప్రయోగాత్మకంగా వసూలు చేశారు. రాకపోకలు సుమారు ఐదో వంతు తగ్గాయి. గడువు ముగియగానే వసూలు నిలిపివేసి, 2006 సెప్టెంబరు 17న నగరంలో ప్రజాభిప్రాయ సేకరణ జరిపారు. స్వల్ప ఆధిక్యంతో అనుకూల తీర్పు రాగా 2007 ఆగస్టు 1 నుండి ఆ విధానాన్ని శాశ్వతం చేశారు. ప్రయోగాన్ని నిజంగానే ఆపడం వలన రద్దీ తిరిగి పెరగడాన్ని ప్రజలు స్వయంగా గమనించగలిగారు.

న్యూయార్క్‌లో 2009 మే నెలలో టైమ్స్ స్క్వేర్ వద్ద బ్రాడ్‌వే మార్గాన్ని వాహనాలకు మూసివేసి, 2010 ఫిబ్రవరిలో శాశ్వతం చేస్తున్నట్లు ప్రకటించారు. వాహనాల వేగం అన్ని దిశలలో ఆశించిన మేరకు పెరగకపోయినా, పాదచారుల గాయాలు 35 శాతం తగ్గినట్లు నగర పాలక సంస్థ నివేదిక పేర్కొన్నది. బ్రిటన్‌లో ప్రయోగాత్మక ట్రాఫిక్ ఉత్తర్వులకు 1984 నాటి చట్టంలోనే ప్రత్యేక నిబంధన ఉన్నది. వాటి గరిష్ఠ కాలపరిమితి 18 నెలలు. లండన్‌లోని బ్యాంక్ కూడలిలో 2017 మే 22న ఈ విధంగా మొదలైన ఆంక్షను, పనిదినాలలో ఉదయం 7 నుండి సాయంత్రం 7 గంటల వరకు బస్సులకు, సైకిళ్లకే అనుమతి ఇచ్చే విధంగా, 2018 సెప్టెంబరులో శాశ్వతం చేశారు. భారత చట్టంలో ఇటువంటి దీర్ఘకాల ప్రయోగానికి ప్రత్యేక సెక్షన్ లేనందున, నెలకు మించిన ప్రతి ప్రయోగానికీ గెజిట్ నోటిఫికేషనే మార్గం.

ఎర్రమంచి, పెనుకొండ ప్రాంతాలకు అన్వయం

హిందూపురం, పెనుకొండ, ధర్మవరం ప్రాంతాలలో మూడు రకాల ఆంక్షలను వేర్వేరుగా చూడవలసి ఉంటుంది.

మొదటిది, ఉత్సవాల సందర్భంగా విధించే ఆంక్షలు. పుట్టపర్తిలో నవంబరు 23న జరిగే సత్యసాయిబాబా జయంతి, పెనుకొండ బాబయ్య ఉరుసు, కదిరి శ్రీ లక్ష్మీనరసింహస్వామి రథోత్సవం వంటి సందర్భాలలో వాహనాలను మళ్లిస్తారు. 2025 నవంబరులో జరిగిన సత్యసాయి శతజయంతి వేడుకల వంటివి పెద్ద ఎత్తున ఏర్పాట్లు కోరుతాయి. ఇవి ఉత్సవంతో పాటే ముగిసేవి. వీటిని శాశ్వతం చేయవలసిన అవసరం ఉండదు. అయితే ప్రతి ఏటా అమలయ్యే మార్గాల పటాన్ని ముందుగానే రూపొందించి ఉంచుకోవడం వలన ప్రయాణికులకు మేలు జరుగుతుంది.

రెండవది, పట్టణ వీధులలో విధించేవి. ధర్మవరం పట్టుచీరల దుకాణాలున్న వీధులు, హిందూపురం మార్కెట్ పరిసరాలు ఇందుకు ఉదాహరణలు. సరుకు దించే లారీలకు వేళలు నిర్ణయించడం, పార్కింగు స్థలాలను కేటాయించడం ఇక్కడ ప్రధానం. పార్కింగు స్థలాల నిర్ణయానికి మోటారు వాహనాల చట్టంలోని 117వ సెక్షన్ వీలు కల్పిస్తున్నది. నిలిపే చోటు చూపకుండా నిలపరాదన్న ఆంక్ష ఒక్కటే విధిస్తే అది ఎక్కువ కాలం నిలవదు.

మూడవది, జాతీయ రహదారికి సంబంధించినవి. వీటిలో జాగ్రత్త అధికంగా అవసరం. బెంగళూరు, మైసూరు మధ్య 275వ నంబరు జాతీయ రహదారి ప్రధాన మార్గంపై 2023 ఆగస్టు 1 నుండి ద్విచక్ర వాహనాలను, ఆటోలను, ట్రాక్టర్లను గెజిట్ నోటిఫికేషన్ ద్వారా నిషేధించారు. అక్కడ పక్కనే సర్వీసు రోడ్లు ఉన్నాయి. అటువంటి ఆంక్షను మరొక చోట అనుసరించదలచినపుడు ఆ వాహనాలు వెళ్లేందుకు అవిచ్ఛిన్నమైన సర్వీసు రోడ్డు ఉన్నదా అన్నది మొదటి ప్రశ్న కావాలి. మీడియన్ మధ్య దారిని మూసివేసినపుడు ఆవలి వైపు పొలం ఉన్న రైతు ఎంత దూరం వెళ్లి యూ టర్న్ తీసుకోవాలన్నది రెండవ ప్రశ్న. ఆ దూరం ఎక్కువైతే ఎదురు దిశలో వాహనం నడిపే ప్రమాదకర అలవాటు మొదలవుతుంది. అప్పుడు ప్రాణరక్షణ కోసం విధించిన ఆంక్షే ప్రాణాపాయానికి దారితీస్తుంది. అండర్‌పాస్, పాదచారుల వంతెన, వీధిదీపాల వంటి సదుపాయాలు పూర్తయ్యే వరకు తాత్కాలిక ఏర్పాటును శాశ్వతమని ప్రకటించకపోవడం మంచిది.

శాశ్వత ఉత్తర్వులో ఉండవలసిన వివరాలు

ప్రయోగాన్ని శాశ్వతం చేసే ఉత్తర్వులో కింది వివరాలు స్పష్టంగా ఉన్నపుడు అమలు సులభమవుతుంది:

1. ఉత్తర్వు జారీ చేసే అధికారి, ఆ అధికారానికి ఆధారమైన చట్టం, సెక్షన్
2. ఆంక్ష వర్తించే మార్గం మొదలు, ముగింపు, కిలోమీటరు రాళ్ల వివరాలతో
3. వర్తించే వాహనాల తరగతులు, రోజులు, వేళలు
4. అంబులెన్సులు, అగ్నిమాపక, పోలీసు వాహనాలు, పాఠశాల బస్సులు, ఆ మార్గంలోనే నివసించేవారి వాహనాలకు మినహాయింపులు
5. ప్రత్యామ్నాయ మార్గం, దాని స్థితిగతులు
6. ప్రయోగ కాలపు ఫలితాల సారాంశం, అందిన అభ్యంతరాలు, వాటిపై తీసుకున్న నిర్ణయం
7. అమలులోకి వచ్చే తేదీ, సమీక్ష జరిపే తేదీ

అభ్యంతరాలను స్వీకరించాలని 115వ సెక్షన్ ప్రత్యేకంగా నిర్దేశించనప్పటికీ, దేశమంతటా స్వేచ్ఛగా సంచరించే హక్కును, వృత్తి, వ్యాపారాలు చేసుకునే హక్కును రాజ్యాంగంలోని 19వ అధికరణం ప్రసాదిస్తున్నది. ఆ హక్కులపై విధించే ఆంక్షలు సహేతుకంగా ఉండాలి. ప్రభావితులయ్యే గ్రామస్థుల వాదన విన్న తరువాత జారీ చేసిన ఉత్తర్వు న్యాయ పరీక్షకు గట్టిగా నిలుస్తుంది. గ్రామసభలో చర్చ, పంచాయతీ కార్యాలయం నోటీసు బోర్డుపై తెలుగులో ప్రకటన, స్థానిక పత్రికలలో ప్రచురణ ఇందుకు తోడ్పడతాయి.

నోటిఫికేషన్ వెలువడిన తరువాత రోడ్డుపై రూపం కూడా మారాలి. ఇసుక బస్తాలు, తాళ్లు, డ్రమ్ములు, ఫ్లెక్సీ బోర్డులు ప్రయోగ కాలానికే తగినవి. శాశ్వత ఆంక్షకు చట్టం మొదటి షెడ్యూలుకు అనుగుణమైన సూచికలు, రాత్రివేళ మెరిసే ఫలకాలు, రోడ్డు గీతలు, అవసరమైన చోట పక్కా మీడియన్ ఉండాలి. చీకటిలో కనిపించని బారికేడ్ స్వయంగా ప్రమాద కారణం కాగలదు.

శాశ్వతం అంటే మార్పు లేనిది కాదు

ఒకసారి జారీ అయిన నోటిఫికేషన్‌ను మార్చడం సాధ్యం కాదన్న అపోహ కొందరిలో ఉన్నది. జనరల్ క్లాజెస్ చట్టం, 1897లోని 21వ సెక్షన్ ప్రకారం నోటిఫికేషన్ జారీ చేసే అధికారంలోనే దానిని సవరించే, రద్దు చేసే అధికారం ఇమిడి ఉన్నది. జారీకి పాటించిన పద్ధతినే మార్పునకు కూడా పాటించాలి. కొత్త బైపాస్ వచ్చినపుడు, అండర్‌పాస్ పూర్తయినపుడు, పరిశ్రమ షిఫ్టుల వేళలు మారినపుడు ఆంక్షను పునఃపరిశీలించవచ్చు.

రహదారి ఆంక్షల వార్తలను అందించే పాత్రికేయులు ప్రయోగం మొదలైన తేదీని, గడువు ముగిసే తేదీని, ఉత్తర్వుకు ఆధారమైన సెక్షన్‌ను తప్పక ప్రస్తావిస్తే పాఠకులకు ఉపయోగకరంగా ఉంటుంది. గడువు ముగిసిన రోజున ఆంక్ష తొలగినదా, నోటిఫికేషన్ ద్వారా కొనసాగుతున్నదా అని విచారించడం అంతకంటే ముఖ్యం. అధికారుల విషయానికి వస్తే, ప్రయోగం తొలి రోజునే 30వ రోజు తీసుకోవలసిన నిర్ణయానికి తేదీని ఖరారు చేసుకోవడం, అందుకు కావలసిన లెక్కలను అప్పటి నుండే సేకరించడం శ్రేయస్కరం. రోడ్డు దాటే బాలికకు, తెల్లవారుజామున మార్కెట్‌కు బయలుదేరే రైతుకు, రాత్రి షిఫ్టు ముగించుకుని ఇంటికి చేరే కార్మికునికి తాము వెళ్లే దారిలో నియమం ఏమిటో సందేహం లేకుండా తెలియాలన్నదే ఈ విధానమంతటి ఉద్దేశం.